తొలి కాన్పు, తొలి కోత: ఇద్దరు వియ్యపురాళ్ల సంవాదం

పల్నాడు జిల్లా చిలకలూరిపేట. మార్చి నెల, మిరపకోతలు జోరు మీదున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆనవాయితీ ప్రకారం తొమ్మిదో నెలలో అమ్మాయి తల్లి దగ్గరికి వచ్చింది. కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనీ, ముప్పై తొమ్మిది వారాలు నిండాక ఆపరేషన్ చేసి తీద్దామనీ డాక్టరమ్మ చెప్పింది. కబురు విని గుంటూరు నుంచి అత్తగారు దిగారు. ఈ సంవాదంలో ‘అమ్మ’ ఆ పిల్ల తల్లి, పత్తీ మిరపా పండించే ఇల్లాలు. ‘అత్త’ ప్రభుత్వ ఆస్పత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయిన మనిషి.

అమ్మ: ముందే చెబుతున్నా వదినా, నాకీ కోత ఇష్టం లేదు. మా అమ్మ ఆరుగురిని కన్నది, నేను ఇద్దర్ని కన్నాను. మంత్రసాని తప్ప డాక్టరు మొహం చూసిందెవరు? ఇప్పుడు మా బజార్లో ఏ పిల్లని కదిలించినా పొట్ట మీద గాటే. పక్క చేలో మందు కొట్టారని మన చేలోనూ కొట్టినట్టు, ఒక ఆస్పత్రి కోస్తే ఇంకో ఆస్పత్రీ కోస్తా ఉంది.

అత్త: మీ మాట కొట్టెయ్యను వదినా. లెక్కలు కూడా మీ పక్షానే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి ఇరవై ఒకటీ ఇరవై రెండూ కాన్పులు ఆపరేషన్లు. మన రాష్ట్రంలో 42. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 27 లోపు, ప్రైవేటులో 63. తెలంగాణలో అయితే మొత్తం మీదే 60 దాటింది.

అమ్మ: నేనడిగేది అదే. ఆడవాళ్లు అదే ఆడవాళ్లు, నడుములు అవే నడుములు. ఒక గేటులోంచి పోతే 27, ఇంకో గేటులోంచి పోతే 63 ఎట్టా అవుద్ది? కష్టమైన కేసులన్నీ చివరికి గుంటూరు పెద్దాస్పత్రికే తోస్తారు గదా. లెక్క ప్రకారం సర్కారు వైపే ఎక్కువుండాలి.

అత్త: ఉండాలి. ఎందుకు లేదో నాకు తెలిసినంత చెబుతా. చిన్న నర్సింగ్ హోముకి ఒక్కరే డాక్టరు. మత్తు డాక్టరు ఫోన్ చేస్తే వచ్చే మనిషి. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సాగుతాయి. అంతసేపూ పక్కనుండి బిడ్డ గుండె వింటూ కూర్చునే నర్సులు చాలినంత మంది ఉండరు. రాత్రిపూట ఏదన్నా అటూ ఇటూ అయితే బంధువులొచ్చి అద్దాలు పగలగొడతారని భయం. ఆపరేషన్ అయితే గంటలో తేలిపోతుంది, ఫీజూ ఎక్కువ. అది వాళ్ల వైపు. మన వైపు చూస్తే, నొప్పులు పడలేను కోసెయ్యమనే పిల్లలున్నారు, ఫలానా నక్షత్రంలో బయటికి తీయమనే తాతలున్నారు. మొదటిసారి కోసినవాళ్లకి రెండోసారీ కోతే. ఇవన్నీ కూడితే ఆ 63.

అమ్మ: నక్షత్రం మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. పురోహితుడితో ముహూర్తం పెట్టించింది మా వాళ్లు కాదు. మీ ఆయన.

అత్త: ఆయనతో ఆ పంచాయితీ అయింది లెండి. ఆయన చెప్పిన తేదీకి ముప్పై ఏడు వారాలే నిండుతాయి. అప్పుడు తీస్తే బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా సిద్ధం కాక, ఆయాసంతో ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు. తొందరపెట్టే జబ్బేమీ లేనప్పుడు ముప్పై తొమ్మిది దాకా ఆగడమే పద్ధతి. ఆ తర్వాత మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం మూడూ దొరికే పగటిపూటే మన శుభఘడియ. ఈలోపు ఉమ్మనీరు పోయిందంటే అర్ధరాత్రి అమావాస్యయినా బయల్దేరాల్సిందే.

అమ్మ: సరే. అసలు ఎంతమందికి కోస్తే న్యాయం?

అత్త: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక ప్రకటన చేసింది. దేశం మొత్తం లెక్కలో ఆపరేషన్లు నూటికి పది దాటాక ఇంకా పెరిగినా, దానివల్ల తల్లుల, పసిబిడ్డల చావులు తగ్గినట్టు కనపడలేదంది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది. ఫలానా శాతమంటూ దాని వెంట పడొద్దు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేట్టు చూడండి అని. మీరు మొదటి మాట పట్టుకున్నారు, నేను రెండోది పట్టుకున్నాను.

అమ్మ: అవసరమో కాదో తేల్చేది కోసే మనిషే గదా!

అత్త: అందుకే ‘ఎందుకమ్మా’ అని అడిగే హక్కు మనకుంది. మాయ కిందికి జారి దారికి అడ్డం పడిందా? బిడ్డ అడ్డంగా ఉందా? గంటల తరబడి గట్టి నొప్పులొచ్చినా ద్వారం తెరుచుకోలేదా? బిడ్డ గుండె పడిపోతోందా? ఇవి గట్టి కారణాలు. ‘పేగు మెడకి చుట్టుకుంది’ అని ఒక్క ముక్క చెబితే మాత్రం ఇంకో డాక్టరు దగ్గరికి పోయి అడగొచ్చు. మెడకి పేగు చుట్టుకుని పుట్టే పిల్లలు బోలెడుమంది, అందులో ఎక్కువమంది మామూలుగానే పుడతారు.

అమ్మ: మరి మన పిల్లది గట్టి కారణమేనా? ఎదురుకాళ్ల బిడ్డల్ని మా మంత్రసాని ఆముదం రాసి పొట్ట నిమిరి తిప్పేది.

అత్త: తిరిగినవి మనకి గుర్తుంటాయి, తిరగనివి ఎవరూ చెప్పుకోరు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు ఇట్లా ఉండిపోతారు. పైనుంచి తిప్పే పద్ధతి డాక్టర్లకీ ఉంది. స్కాన్ చూస్తూ, పక్కనే ఆపరేషన్ థియేటర్ పెట్టుకుని చేస్తారు. తొలిచూలుకి సగంమందికి కూడా తిరగదు. మన అమ్మాయికి ఉమ్మనీరు తక్కువ కాబట్టి ఆ ప్రయత్నం వద్దన్నారు. ఇంట్లో ఎవరి చేతా పొట్ట నొక్కించకండి వదినా, మాయ ఊడిపోయిందంటే ఇద్దరికీ ముప్పు. ఇక ఎదురుకాళ్లతోనే కననివ్వడం గురించి 26 దేశాల్లో రెండు వేల మంది పైచిలుకు తల్లుల మీద చేసిన పరిశీలన 2000లో వచ్చింది. ముందే అనుకుని ఆపరేషన్ చేసిన చోట బిడ్డలు ఎక్కువ క్షేమంగా ఉన్నారు. అప్పటినుంచి ఎదురుకాళ్ల కాన్పు చేసే చెయ్యే కరువైంది.

అమ్మ: నేర్పడం మానేసి చెయ్యి కరువైందంటే ఎట్టా? అదీ ఒక తప్పే గదా.

అత్త: తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ తప్పు దిద్దడానికి మన పిల్లనా పంపేది? 2001–03లో మన ఉమ్మడి రాష్ట్రంలో లక్షమంది బిడ్డలు పుడితే 195 మంది తల్లులు పోయేవాళ్లు. 2018–20కి ఆంధ్రలో అది 45కి దిగింది. మీ అమ్మగారి కాలంలో చక్కగా కన్నవాళ్లు కథ చెప్పడానికి మిగిలారు. మిగలనివాళ్ల మాట ఎవరు చెబుతారు?

అమ్మ: కత్తి ఒక్కటే దింపిందా ఆ లెక్కని? 108 బండ్లొచ్చాయి, రక్తం దొరుకుతోంది, కాన్పులు ఆస్పత్రికి మారాయి.

అత్త: అన్నీ కలిసే దింపాయి. ఆ అన్నిట్లో కత్తీ ఉందంటున్నాను, అంతే.

అమ్మ: సరే వదినా, కోతే అనుకుందాం. పిల్లని ఏం చేస్తారో చెప్పండి. అది అడిగితే నేను చెప్పగలగాలి. రాత్రిళ్లు నిద్రపోవట్లేదు పిచ్చిది.

అత్త: ముందు రక్తం చూడాలి. మన రాష్ట్రంలో కడుపుతో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనులే. మామూలు కాన్పు కంటే ఆపరేషన్లో రక్తం ఎక్కువ పోతుంది కాబట్టి ఐరన్ మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. ఆపరేషన్‌కి ఆరుగంటల ముందునుంచి అన్నం, టిఫిన్, పాలు బంద్. ఉత్త మంచినీళ్లు రెండుగంటల ముందు దాకా తాగనిస్తారు, ఆస్పత్రి వాళ్లనడిగి ఇవ్వండి. ఇంట్లో బ్లేడుతో గీయొద్దు, ఆ గాట్లలోంచే చీము పడుతుంది. గాజులు, మెట్టెలు, గోళ్లరంగు తీసెయ్యాలి. మెడలో తాడు తీయమంటే గొడవ పెట్టుకోకుండా తీసి పసుపుతాడు కట్టండి.

అమ్మ: మత్తిస్తే మళ్లీ లేస్తుందో లేదో అని దాని భయం.

అత్త: నిద్రపుచ్చరు. వెన్నుకి సూది వేస్తారు. ముందుకి వంగి కూర్చోమంటారు, చీమ కుట్టినంత నొప్పి, నిమిషంలో కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి. స్పృహ అంతా ఉంటుంది. ఛాతీ దగ్గర తెర కడతారు. నొప్పి తెలియదుగానీ లాగడం, నొక్కడం తెలుస్తాయి. ఆ సంగతి ముందు చెప్పకపోతే మత్తు ఎక్కలేదనుకుని పిల్ల హడలిపోతుంది. బీపీ తగ్గి వాంతి వచ్చినట్టుంటుంది, ఒళ్లంతా వణుకు పుడుతుంది. రెండూ మామూలే, నోరు తెరిచి చెబితే మందిస్తారు. కోసిన పది నిమిషాల్లోపు బిడ్డ ఏడుపు వినపడుతుంది. తర్వాత పొరపొరకీ కుట్లు వేయడానికే ఎక్కువసేపు, అరగంట పైమాటే.

అమ్మ: వెన్నుసూదితో జీవితాంతం నడుంనొప్పి అంటారే?

అత్త: సూది పొడిచిన చోట నాలుగైదు రోజులు సలుపుతుంది. జన్మంతా ఉండే నొప్పి దానివల్ల కాదు. వంగి పాలివ్వడం, బరువులెత్తడం, రక్తం లేకపోవడం, నిద్రలేకపోవడం, వాటివల్ల వస్తుంది. కొందరికి మాత్రం లేచి కూర్చుంటే తల పగిలేంత నొప్పి, పడుకుంటే తగ్గిపోతుంది. అది సూది తాలూకే. ఓర్చుకోమనకుండా డాక్టరుకి చెప్పాలి, వైద్యముంది.

అమ్మ: ఎట్టాగైనా పిల్లకి నొప్పులు తెలియకుండా కాన్పయిపోద్ది. మేం పడ్డ బాధలో అది పావలా వంతు.

అత్త: ఇదిగో, ఈ మాట దాని ముందు మాత్రం అనకండి వదినా. చూడ్డానికొచ్చిన ప్రతి ముసలమ్మా ఇదే అంటుంది, ‘సుఖంగా కన్నది’ అని. మీ నొప్పి బిడ్డ పుట్టేదాకా. దాని నొప్పి బిడ్డ పుట్టాక మొదలు. మత్తు దిగాక దగ్గితే కుట్టు గుంజుతుంది, నవ్వితే గుంజుతుంది, పక్కకి తిరిగితే గుంజుతుంది. ఆ నొప్పితోనే రెండుగంటలకోసారి పాలివ్వాలి. పొట్టలో గడ్డకి ఆపరేషనయితే ఇల్లంతా కదలొద్దంటుంది. కాన్పయితే లేచి బిడ్డని చూసుకోమంటుంది. దీనికి రెండూ ఒకేరోజు అవుతాయి.

అమ్మ: … ఆ వైపునించి ఎప్పుడూ ఆలోచించలేదు.

అత్త: మొదటిరోజు మూత్రానికి గొట్టం, చేతికి సెలైన్ ఉంటాయి. గొట్టం మర్నాటికి తీసేస్తారు. నొప్పి మాత్ర వేళకి వేసుకోవాలి, నొప్పి ముదిరేదాకా ఆగకూడదు. పాలిచ్చే తల్లికి పనికొచ్చే మాత్రలే ఇస్తారు. గ్యాసు పోయేదాకా చుక్కనీళ్లు ఇవ్వకూడదన్నది పాతమాట. ఇప్పుడు కొన్ని గంటలకే నీళ్లు, జావ మొదలుపెడుతున్నారు. అన్నిటికంటే కష్టం మొదటి అడుగు. ఆరు నుంచి పన్నెండు గంటల్లో లేపి నిలబెడతారు. కళ్లు తిరుగుతాయి, ఇద్దరు పట్టుకోవాలి. మీకు జాలేసి పడుకోబెట్టారంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఊతంగా పెట్టుకుని లేవాలి, వెల్లకిలా నుంచి లేవకూడదు. దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకోవాలి. దగ్గంటే గుర్తొచ్చింది, వాకిట్లో ఆ మిరపకాయలు తీయించెయ్యండి. ఆ ఘాటుకి నేనే నాలుగుసార్లు తుమ్మాను. కుట్లున్న మనిషికి ఒక్కో తుమ్ము ఒక్కో నరకం.

అమ్మ: కాయంతా కళ్లానికి తోలిస్తాలే. పాలు పడతాయా? కోసినవాళ్లకి పాలు రావంటారు.

అత్త: వస్తాయి. ఒకరోజు ఆలస్యంగా, మూడో నాలుగో రోజుకి నిండుగా దిగుతాయి. అందాకా ఆ నాలుగు చుక్కల ముర్రుపాలే బిడ్డకి చాలు. మొదటి గంటలోనే రొమ్ముకి పట్టించమని ముందే అడగండి. డబ్బాపాలు, తేనె, పంచదార నీళ్లు వద్దు. కుట్టు మీద బరువు పడకుండా పక్కకి పడుకుని ఇవ్వచ్చు. ఇంకోటి, ఆపరేషన్లో లోపలంతా శుభ్రం చేశారు కాబట్టి మైల కాదనుకుంటారు. అవుతుంది, ఆరువారాల దాకా కొద్దికొద్దిగా.

అమ్మ: ఇంటికొచ్చాక సంగతి నాకొదిలెయ్యండి. పురిటిగది నా రాజ్యం. వెల్లుల్లికారం, పాతచింతకాయ పచ్చడి, శొంఠి, వాము. పప్పు పెట్టను, చీము పడుద్ది. పెరుగు పెట్టను, బిడ్డకి జలుబు. నీళ్లు ఎక్కువ ఇవ్వను, పొట్ట జారుద్ది. నడికట్టు, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ.

అత్త: వెల్లుల్లీ శొంఠీ పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. పప్పు దగ్గర మాత్రం పోట్లాడతాను. చీము సూక్ష్మక్రిములవల్ల పడుతుంది, సుగరుంటే పడుతుంది, రక్తం లేకపోతే పడుతుంది. కందిపప్పు ఏం చేసింది? తెగిన కండ అతుక్కోవాలంటే పప్పు, గుడ్డు, పెరుగే కావాలి. మీరు పెట్టే పథ్యం సగం అన్నం, సగం కారం. నీళ్లు ఆపితే పాలు తగ్గుతాయి, మలబద్ధకం వస్తుంది. కుట్లతో ముక్కడం ఎంత నరకమో నా వార్డులో చూశాను. రోజుకి మూడు లీటర్ల దాకా తాగనివ్వండి, కాచి చల్లార్చినవైనా సరే. పొగ వద్దు, పసిబిడ్డ ఊపిరి చిన్నది.

అమ్మ: నడికట్టు?

అత్త: కట్టండి. మెత్తటి బట్టతో వదులుగా కడితే లేచేటప్పుడు ఊతంగా ఉంటుంది. ఊపిరాడనంత బిగించొద్దు. కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, మన చేలో పత్తి ఏదీ పెట్టొద్దు. నూగు అంటుకుని పుండవుతుంది. రోజూ సబ్బునీళ్లు పైనుంచి జారనిచ్చి, మెత్తగా అద్ది ఆరబెడితే చాలు. పురిటిస్నానమని కాగే నీళ్లు చెంబుతో పొట్ట మీద కొట్టించకండి. నులకమంచం వద్దు, లేవలేదు. కింద కూర్చునే దొడ్డి కాకుండా కుర్చీ కమోడ్ ఒకటి తెప్పించండి. ఆరు వారాలు బిడ్డకంటే బరువైంది ఎత్తకూడదు, నీళ్లబిందె అసలే కాదు.

అమ్మ: అన్నీ నావే తీసేస్తున్నారు. ఇక నేనెందుకు?

అత్త: మీరు లేకపోతే ఏదీ జరగదు వదినా. ఆస్పత్రి నాలుగైదు రోజులకి కుట్టు చూసి పంపించేస్తుంది. సర్కారు పథకంలో కూడా, 2011లో వచ్చిన జననీ శిశు సురక్షలో, సిజేరియన్ అయితే ఏడురోజుల దాకా ఉచిత భోజనం, మందులు, రక్తం, ఇంటికి బండి. ఆ తర్వాత? మూడునెలలు బాలింతని పనిలోకి దిగనివ్వకుండా కాపాడే ఏర్పాటు ఏ డాక్టరు దగ్గరా లేదు, మీ పురిటిగదిలో ఉంది. దాన్ని తీసెయ్యమనట్లేదు. పథ్యంలో పప్పు కలపమంటున్నాను. బాలింత మర్యాదంతా దానికి జరగాలి, ఆపరేషనైన మనిషి జాగ్రత్త కూడా జరగాలి.

అమ్మ: ఎప్పుడు భయపడాలో చెప్పండి. ప్రతిదానికీ ఆస్పత్రికి పరిగెత్తలేను గదా.

అత్త: జ్వరం 100.4 దాటినా, కుట్టు ఎర్రబడి నీరో చీమో కారినా, మైల వాసనొచ్చినా, గంటకో ప్యాడ్ తడిసిపోయినా ఆగకండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, ఆయాసమొస్తే, తలనొప్పితో చూపు మసకబారితే 108కి ఫోన్ చెయ్యండి. ఇంకోటి కంటికి కనపడదు. మూడోరోజునుంచి ఊరికే ఏడుస్తుంది, అది పదిరోజుల్లో సర్దుకుంటుంది. రెండువారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డని దగ్గరికి తీసుకోకపోతే, గాలి సోకిందని తాయెత్తు కట్టకుండా డాక్టరుకి చూపించండి.

అమ్మ: ఆఖరి మాట. ఒకసారి కోస్తే ఎప్పుడూ కోతేనా?

అత్త: పుస్తకంలో అయితే కాదు. అడ్డంగా కింది భాగంలో కోసి, సరైన ఎడం ఉండి, వేరే చిక్కు లేకపోతే, ప్రయత్నించినవాళ్లలో నూటికి అరవై డెబ్బైమందికి పైగా మామూలుగా కంటారు. పాతకుట్టు విడిపోయే ప్రమాదం రెండువందల మందిలో ఒకరికి. అందుకే థియేటర్ సిద్ధంగా ఉన్న ఆస్పత్రిలోనే ఆ ప్రయత్నం. ఆపరేషన్ వివరాలున్న డిశ్చార్జి కాగితం భద్రంగా దాచండి, బిడ్డకి ఏడాదిన్నర నిండేదాకా మళ్లీ నెల తప్పకుండా చూసుకోమనండి. కానీ మన చుట్టుపక్కల ఆ ప్రయత్నానికి ఒప్పుకునే ఆస్పత్రులు తక్కువ, నిజం చెప్పాలి. రెండోది కూడా కోతే, పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అట్లా సాగుతోంది.

అమ్మ: అయితే నా మాటే నిలిచింది. మొదటి కోత దగ్గరే గట్టిగా అడగాలి. రెండోదానికల్లా అడిగే నోరు మనకి మిగలదు.

అత్త: నిలిచింది. ఆపరేషన్ రోజు పొద్దున ఇంకోసారి స్కాన్ చేయమని మీరే అడగండి. ఒక్కోసారి ఆఖరి నిమిషంలో బిడ్డ తనంతట తనే తిరుగుతుంది. తిరిగితే ఇంటికి తీసుకొచ్చేద్దాం, నొప్పుల కోసం చూద్దాం. ఇద్దరం ఒప్పుకున్నట్టేనా?

అమ్మ: ఒప్పుకున్నా.

అత్త: నాదీ ఒక షరతుంది. మావాణ్ణి ఇక్కడికి పంపిస్తాను. రాత్రిళ్లు బిడ్డని ఎత్తి తల్లి పక్కన పెట్టాలి, గుడ్డలు మార్చాలి, దాన్ని పట్టుకుని నడిపించాలి. మీరొక్కరే నెలరోజులు నిద్ర లేకుండా చేయలేరు.

అమ్మ: అల్లుడి చేత ఆ పన్లు చేయించాలా? బారసాలకి కొత్తబట్టలు పెట్టి పంపేవాళ్లం. ఊళ్లో ఏమనుకుంటారు వదినా!

అత్త: అనుకోనివ్వండి. రాత్రి రెండింటికి లేచి బిడ్డని అందించేది ఊరు కాదుగా.

అమ్మ: … సరే, రమ్మనండి. అయితే శనాదివారాలు చుట్టపుచూపుగా వచ్చిపోవడం కుదరదు. వస్తే నెలరోజులు ఉండాలి. పప్పు నేను వండుతా, కమోడ్ ఆయన కడగాలి.